పిల్లలతో కెన్యాలో ఏడాది: మన అడవి గురించి వాళ్లు అడిగిన ప్రశ్నలు

(కొండగట్టులో జరిగిన ఆదివాసీ కుటుంబాల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇక్కడి బిడ్డనే. ఈ గుట్టల వెనకవైపు కొడిమ్యాల మండలంలో అడవి అంచున మా నాయకపోడు గూడెం. డిగ్రీ దాకా హాస్టళ్లలో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్ దగ్గర ఒక విత్తన పరిశోధన సంస్థలో పని చేస్తున్నాను. ఆ సంస్థ 2022 ఆగస్టులో నన్ను ఏడాది పనికి కెన్యా దేశం పంపింది. మా ఆయన సర్కారు బడి పంతులు, ఆయనకు సెలవు దొరకలేదు. పన్నెండేళ్ల బిడ్డను, ఎనిమిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నేనొక్కదాన్నే పోయాను. 2023 జూలైలో తిరిగొచ్చాం. "ఆ ముచ్చట్లు చెప్పు, పిల్లలు సింహాలను చూసిన్రట గదా" అని నిర్వాహకులు అడిగారు. చెప్తాను. సింహాల ముచ్చట చెప్తూనే మన అడవి ముచ్చట కూడా చెప్పాలి, దానికి కొంచెం ఓపిక పట్టండి.

అంత దూరం పిల్లల్ని తీసుకుపోతుంటే మా అవ్వ భయపడింది. "అక్కడ ఏం తింటరు బిడ్డా" అన్నది. పోయినాక చూస్తే అక్కడి తిండి మనకు చుట్టమే. మక్కపిండిని నీళ్లలో ఉడికించి ముద్ద చేస్తారు, ఉగాలి అంటారు. మన మక్క గట్క తిన్నవాళ్లకు అది కొత్త కాదు. మన జొన్న అసలు పుట్టింది ఆఫ్రికాలోనే, తూర్పు సూడాన్ వైపు. వేల ఏండ్ల కింద సముద్రం దాటి మన చేలకు వచ్చింది. మన కంది ఇక్కడ పుట్టి అక్కడికి పోయింది. కెన్యా తూర్పు జిల్లాల్లో మెట్ట చేలలో కంది చూసి మా బాబు "ఇది మన చేనే" అని లోపలికి ఉరికాడు. మేం పోకముందే మన గింజలు అటూ ఇటూ తిరిగి వచ్చినయి.

నైరోబీ పెద్ద పట్నం. మన హైదరాబాద్ లాగే ట్రాఫిక్, మేడలు, మాల్స్ ఉన్నాయి. పట్నం నడిబొడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు పోతే నైరోబీ నేషనల్ పార్క్ వస్తుంది. 117 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం అది. 1946లో పెట్టారు, ఆ దేశంలో మొదటి నేషనల్ పార్క్ అదే. దాంట్లో సింహాలు, ఖడ్గమృగాలు, జిరాఫీలు, చిరుతలు ఉంటాయి. మూడు వైపులా కంచె ఉంటుంది, దక్షిణం వైపు మాత్రం జంతువులు అటూ ఇటూ తిరగడానికి విడిచిపెట్టారు. ఆ దక్షిణం వైపే మాసాయి పశుల కాపరుల ఊర్లు ఉన్నాయి. పార్క్ పెట్టినప్పుడు అంతకుముందు అక్కడ పశువులు మేపుకున్న మాసాయిలను బయటికి పంపారు. ఈ మాట పార్క్ గేటు దగ్గర ఎవరూ చెప్పరు, అడిగితే చెప్తారు.

మొదటి నెలలో పిల్లలకు అన్నీ వింతలే. మొంబాసా రోడ్డు మీద బస్సులు ఆగే చోట తుమ్మచెట్ల మీద మా బాబంత ఎత్తున్న బోడితల కొంగలు కూర్చుని ఉంటాయి. కింద జనం టీ తాగుతుంటారు, పైన అవి గూళ్లు కట్టుకుంటాయి. మా ఆఫీసు క్వార్టర్లు పట్నం శివారులో ఉండేవి. రాత్రిళ్లు దుమ్ములగొండి అరుపు వినిపించేది. మొదటి రాత్రి ఇద్దరు పిల్లలు నా మంచం మీదికి వచ్చి పడుకున్నారు. నెల తిరిగేసరికి "అమ్మా, ఇయ్యాల అది అరవలేదు" అని అడగడం మొదలుపెట్టారు.

మేం పోయిన ఏడాది అక్కడ పెద్ద కరువు. వానలు వరుసగా మొహం చాటేశాయి. 2022 నవంబర్‌లో అక్కడి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి అక్టోబర్ లోపల 205 ఏనుగులు, 512 విల్డెబీస్టులు, 381 చారల గుర్రాలు చనిపోయాయని. టీవీలో చూసే ఆఫ్రికా అంటే పచ్చగడ్డి, పరుగులు తీసే మందలు. మా పిల్లలు చూసింది ఎముకలు తేలిన చారల గుర్రం, బురద గుంటలో చిక్కిన దూడ. కాపరుల ఆవులు కూడా దారి పక్కన పడి ఉండేవి. కరువొస్తే అడవి జంతువు, ఇంటి పశువు, మనిషి ముగ్గురూ ఒకే నీటికుంట దగ్గరికి వస్తారని వాళ్లు కండ్లారా చూశారు. తర్వాత నేను చెప్పబోయే సింహాల గొడవ కూడా అలా మొదలైందే.

మా బిడ్డకు ఒక నోట్‌బుక్ ఉండేది. చూసిన ప్రతి జంతువు పేరు దాంట్లో రాసేది. ఒక వరుసలో ఇంగ్లిష్, ఇంకో వరుసలో అక్కడి స్వాహిలీ, మూడో వరుసలో తెలుగు. స్వాహిలీలో సింహం సింబా, ఏనుగు టెంబో, జిరాఫీ ట్విగా, దుమ్ములగొండి ఫిసి. చారల గుర్రాన్ని పుండా మిలియా అంటారు, అంటే చారల గాడిద. ఈ పేరుకు మా బాబు వారం రోజులు నవ్వాడు. కొన్నాళ్లకు నాలుగో వరుస గీసింది. దాని మీద "తాత మాట" అని రాసింది. అంటే మా బాపు ఆ జంతువు గురించి ఏం చెప్తాడో అని. ఆదివారం రాత్రి వాట్సాప్‌లో తాతకు ఫోన్ చేసి అడిగేది. సింహం గురించి, జిరాఫీ గురించి తాతకేం తెలుసు? ఆ వరుస చాలా మటుకు ఖాళీగానే ఉండేది. అయినా తాత ఊరుకునేవాడు కాదు. "గది నాకు తెల్వది గని, మన దిక్కు దానసోంటిది ఉన్నది, చెప్త రాసుకో" అనేవాడు. అట్ల దుమ్ములగొండి అడిగితే మన దుమ్ములగొండి ముచ్చట వచ్చేది, పార్క్‌లో అడవిపంది చూస్తే మన పందుల వేట కాలం ముచ్చట వచ్చేది.

ఒక ముచ్చట మీకు వివరంగా చెప్పాలి. నైరోబీలో కరూరా అని ఒక అడవి ఉంది. వెయ్యి హెక్టార్ల పైచిలుకు ఉంటుంది, పట్నం లోపలే. 1990ల చివర్లో ఆ భూమిని ముక్కలు చేసి బిల్డింగులు కట్టేవాళ్లకు ఇవ్వబోతే వంగారి మాతాయ్ అనే ఆమె ఆడవాళ్లను వెంటేసుకుని మొక్కలు పట్టుకుని పోయి అడ్డం నిలబడింది. 1999 జనవరిలో గూండాలు ఆమె తల పగలగొట్టారు. అడవి మాత్రం మిగిలింది. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ అడవిలో జనం కుటుంబాలతో నడుస్తారు. మేమూ ఆదివారాలు పోయేవాళ్లం.

అక్కడ వెర్వెట్ అనే నల్లమూతి కోతులు ఉంటాయి. ఒకరోజు అవి ఒక్కసారిగా అరిచి, అన్నీ చెట్ల కింది పొదల్లోకి దూరాయి. పైకి చూస్తే పెద్ద గద్ద తిరుగుతోంది. మా వెంట వచ్చిన అక్కడి టీచరమ్మ చెప్పింది, ఈ కోతులకు ఒక్కో శత్రువుకు ఒక్కో అరుపు ఉంటుందని. చిరుత వస్తే ఒక అరుపు, అది వినగానే చెట్టెక్కుతాయి. గద్దకు ఇంకో అరుపు, అప్పుడు పైకి చూసి పొదలోకి పోతాయి. పాముకు మూడో అరుపు, అప్పుడు వెనక కాళ్ల మీద లేచి కిందికి చూస్తాయి. అంబోసెలి అడవిలో శాస్త్రవేత్తలు ఈ అరుపులను రికార్డు చేసి, మళ్లీ కోతులకు వినిపించి పరీక్ష చేసి, 1980లో పెద్ద పత్రికలో రాశారు. లోకమంతా ఆశ్చర్యపోయింది.

ఆ రాత్రి మా బిడ్డ తాతకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. "కొండెంగ ఒర్రుడు ఎట్లుంటదో తెలుసా బిడ్డా? ఉత్తగ కొట్లాడుకునేటప్పుడు ఒక తీరు. చిరుతను చూసినప్పుడు ఒక తీరు. గా ఒర్రుడు ఇనవడ్డ దిక్కు మేం కట్టెలకు పోం. దుప్పులు గూడ గా ఒర్రుడు ఇని చెవులు నిక్కబొడుస్తయి" అన్నాడు. నాలుగో వరుసలో ఆ రాత్రి పేజీ నిండింది.

మిత్రులారా, నేను శాస్త్రవేత్తలను తక్కువ చేయడం లేదు. నేనూ పరిశోధన సంస్థలోనే పని చేస్తున్నాను. పరీక్ష చేసి రుజువు చేయడం గొప్ప పని. కానీ మా బాపుకు తెలిసిన ముచ్చట ఎక్కడా రాసి లేదు. ఆయన తర్వాత నాకు సగం తెలుసు. నా పిల్లలకు కెన్యా పోతే తప్ప అడగాలనే ఆలోచన రాలేదు.

ఇప్పుడు సింహాల ముచ్చట. కెన్యాలో సింహం అంటే మన దేశపు కూలీలకు పాత భయం ఉంది. 1898లో రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి తీసుకుపోయిన కూలీలను త్సావో వంతెన దగ్గర రెండు సింహాలు నెలల తరబడి ఎత్తుకుపోయాయి. మా పిల్లలకు అది స్కూలు పుస్తకంలో ఉంది. మాసాయిలకు మాత్రం సింహంతో వేరే లెక్క ఉంది. వెనకట మాసాయి యువకుడు బల్లెంతో సింహాన్ని చంపితే అతడికి కొత్త పేరు వచ్చేది, ఊరంతా ఆ పేరుతో పిలిచేది. 2007లో అంబోసెలి దగ్గర లయన్ గార్డియన్స్ అని ఒక పని మొదలైంది. ఆ యువకులనే జీతానికి పెట్టుకుని సింహాల అడుగుజాడలు చూసే పని ఇచ్చారు. సింహం ఎటు పోతోందో చూసి కాపరులకు ముందే చెప్తారు, తప్పిపోయిన పశువులను వెతికి తెస్తారు, ముండ్లకంపల దొడ్లు గట్టి చేస్తారు. వాళ్లే సింహాలకు మాసాయి పేర్లు పెడతారు. వెనకట సింహాన్ని చంపి తాను పేరు తెచ్చుకున్నవాడి మనుమడు ఇప్పుడు సింహానికి పేరు పెడుతున్నాడు.

2023 మార్చిలో మేం అంబోసెలి పోయాం. కిలిమంజారో కొండ కింద ఏనుగుల మంద పోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. మమ్మల్ని తీసుకుపోయిన డ్రైవరు మాసాయి మనిషి. ఆయనకు చాలా సింహాలు పేరుతో తెలుసు. లూన్‌కిటో అనే ముసలి సింహం గురించి చెప్పాడు. దానికి 19 ఏండ్లు. అడవిలో సింహం అన్నేండ్లు బతకడం అరుదు.

మే నెలలో వార్త వచ్చింది. ఆకలితో ఉన్న లూన్‌కిటో రాత్రి ఒక ఊరి దొడ్లోకి దూరితే కాపరులు బల్లేలతో పొడిచి చంపారు. మూడు రోజులు తిరగకముందే ఇంకో ఊర్లో 11 మేకలను చంపిన ఆరు సింహాలను ఒకేసారి చంపారు. ఆ వారం రోజుల్లో మొత్తం పది సింహాలు పోయాయి. కరువు తర్వాత వేట జంతువులు తగ్గి సింహాలు ఊర్ల మీద పడ్డాయి, కరువులో సగం పశువులు పోయిన కాపరులకు మిగిలిన మేకలే ఆధారం అయ్యాయి.

మా బాబు ఏడ్చాడు. ఆ డ్రైవరుకు ఫోన్ చేయమన్నాడు. చేశాను. ఆయన గొంతు కూడా బరువుగానే ఉంది. ఆ ముసలి సింహం పోయినందుకు బాధ పడ్డాడు, మేకలు పోయిన ఇంటివాళ్లు తన చుట్టాలే అని కూడా చెప్పాడు. నైరోబీలో ఉన్నవాళ్లకు సింహాలు మాత్రమే కనిపిస్తాయని, ఆ ఇంట్లో పిల్లల ఫీజు ఏ మేకను అమ్మి కట్టాలో వాళ్లకు కనిపించదని అన్నాడు. రెండు బాధలనూ ఒకే మనిషి మోస్తున్నాడు. మా బిడ్డ నోట్‌బుక్‌లో ఆ రోజు సింహం పేజీలో లూన్‌కిటో పేరు, దాని కింద "11 మేకలు" అని రాసింది.

మన ఆసిఫాబాద్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. మహారాష్ట్ర తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు వాగులు, నదులు దాటి మన వైపు వస్తున్నాయి. అధికారులు ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి అట్లాగే వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లల్ని కని పెంచింది. నేను పిల్లల్ని తీసుకుని పరాయి దేశం పోయినట్టు, అది పిల్లల కోసం పరాయి రాష్ట్రం వచ్చింది. 2020 నవంబర్‌లో అదే జిల్లాలో నెల తిరగకుండా ఇద్దరు చిన్న వయసువాళ్లు పులి దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో ఒకరు పత్తి ఏరడానికి పోయిన ఆడబిడ్డ. 2024 జనవరిలో అదే కాగజ్‌నగర్ అడవిలో పులులు చచ్చి కనిపించాయి, పశువు కళేబరానికి విషం పెట్టారన్న మాట బయటికొచ్చింది. ఈ బాధలన్నీ మన ఇండ్లలోనే ఉన్నాయి. పేపర్లో మాత్రం ఒక రోజు పులి ఫొటో వస్తది, ఇంకో రోజు మనిషి ఫొటో వస్తది.

ఇంకో ముచ్చట తేనెది. పని మీద నేను న్జోరో అనే ఊరికి పోయినప్పుడు పిల్లల్ని కూడా తీసుకుపోయాను. దాని పైన మావ్ అడవి. అక్కడ ఒగియెక్ అనే అడవి జాతి ఉంది. వేటాడటం, తేనె తీయడం వాళ్ల బతుకు. దుంగను తొలిచి, రెండు వైపులా మూసి, చెట్టు కొమ్మల మీద పెడతారు, దాంట్లో తేనెటీగలు పెట్టుకుంటాయి. పొగబెట్టి తేనె తీసే తీరు చూస్తే మన కొలాం అన్నలు, మా నాయకపోడు మామలు గుర్తొచ్చారు. ఒక పెద్దమనిషి పిల్లల చేతిలో తేనెపట్టు ముక్క పెట్టాడు. తిన్నాక ఒక ముక్క అక్కడే ఆకు మీద పెట్టమన్నాడు. ఎందుకంటే పిట్ట కోసం అన్నాడు.

ఆఫ్రికాలో హనీగైడ్ అనే పిట్ట ఉంది. అది మనిషి దగ్గరికి వచ్చి అదే పనిగా కూస్తుంది, కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఎగురుతూ తేనెపట్టు దాకా తీసుకుపోతుంది. మనిషి తేనె తీసుకుంటాడు, మిగిలిన మైనం పిట్ట తింటుంది. ఉత్తర కెన్యా బొరాన్ కాపరులు ఈల వేసి ఆ పిట్టను పిలుస్తారు. హుస్సేన్ ఐజాక్ అనే కెన్యా శాస్త్రవేత్త మరొకరితో కలిసి దీన్ని కొలిచి 1989లో రాశాడు. తెలియని చోట పిట్ట లేకుండా ఒక తేనెపట్టు దొరకడానికి సగటున దాదాపు 9 గంటలు పడితే, పిట్ట వెంట పోతే 3 గంటల పైచిలుకే పట్టింది. బొరాన్ ముసలివాళ్లు చెప్పే ముచ్చట్లను ఆయన కట్టుకథలని కొట్టిపారేయలేదు. ఒక్కొక్కటి తీసుకుని పరీక్షించాడు. చాలా మటుకు నిజమని తేలింది.

ఆ ఒగియెక్ జాతిని "మీరు అడవిని పాడు చేస్తున్నారు" అని ప్రభుత్వం మావ్ అడవి నుంచి వెళ్లగొట్టింది. వాళ్లు ఆఫ్రికా ఖండం మానవ హక్కుల కోర్టుకు పోయారు. 2017 మే 26న కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అడవి పాడైంది ఒగియెక్‌ల వల్లే అనడానికి ప్రభుత్వం రుజువు చూపలేదని, అడవి కాపాడాలనే పేరుతో వాళ్లను వెళ్లగొట్టడం సరికాదని అన్నది. మేం నైరోబీలో దిగడానికి రెండు నెలల ముందు, 2022 జూన్‌లో, దాదాపు 15 కోట్ల 78 లక్షల షిల్లింగుల నష్టపరిహారం కట్టమని కూడా అదే కోర్టు చెప్పింది. తీర్పు వచ్చిందని అంతా బాగైపోలేదు. మేం తిరిగొచ్చాక 2023 చివర్లో మళ్లీ అక్కడ గుడిసెలు కూల్చారని వార్తలు చదివాను. కానీ ఒక మాట కోర్టు కాగితం మీద పడింది. ఆ అడవిలో వాళ్లు ఎట్లా బతికారు, ఏ చెట్టు ఎవరి కుటుంబానిది, ఏ కాలంలో ఎక్కడ తేనె అన్నది వాళ్ల పెద్దలు చెప్పగలిగారు, అది సాక్ష్యంగా నిలబడింది.

ఏనుగుల గురించి ఒక్క మాట చెప్పి మన ఊరికి వస్తాను. ఏనుగుకు తేనెటీగలంటే భయం. దీన్ని పట్టుకుని లూసీ కింగ్ అనే ఆమె కెన్యాలో చేను చుట్టూ తీగకు తేనెపెట్టెలు వేలాడదీసే పద్ధతి తెచ్చింది. ఏనుగు తీగను తాకితే పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి, ఏనుగు వెనక్కి పోతుంది. చేను మిగులుతుంది, తేనె కూడా వస్తుంది. ఇది చూసి మా బాబు "మన దిక్కు ఏనుగులు లేవు గదా" అన్నాడు. నిజమే, అప్పటికి లేవు.

2024 ఏప్రిల్‌లో ఒక ఏనుగు గడ్చిరోలి వైపు నుంచి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. రెండు రోజుల్లో చేను పనికి పోయిన ఇద్దరు రైతులు దాని చేతిలో చనిపోయారు. పులి గురించి, గుడ్డెలుగు గురించి మన పెద్దలకు తెలిసినంత ఏనుగు గురించి తెలియదు, తరాలుగా ఇక్కడ ఏనుగు లేదు కాబట్టి. ఎదురైతే ఎటు పోవాలి, ఎంత దూరంలో ఆగాలి, ఏ పొద్దున చేనుకు పోకూడదు అన్నవి ఒక్కరోజులో రావు. ఆ వార్త చూసినప్పుడు నాకు ఒకటి అర్థమైంది. జంతువుతో బతికే తెలివి కూడా తరం నుంచి తరానికి చేతులు మారాలి. ఎక్కడ అది తెగిపోతుందో అక్కడ ప్రాణాలు పోతాయి.

మేం తిరిగొచ్చిన తర్వాత మొదటి వేసవిలో పిల్లలు గూడెంలో ఉన్నారు. ఇప్పపువ్వు రాలే కాలం. మా బాపు వాళ్లను వెంట తీసుకుపోయాడు. గుడ్డెలుగుకు ఇప్పపువ్వంటే ప్రాణం, చెదలంటే ప్రాణం. దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. "గాలి దాని దిక్కు నుంచి మన దిక్కు వస్తే దానికి మన వాసన తెల్వది. గప్పుడు ఇంకా గట్టిగ మాట్లాడుకుంట పోవాలె. సప్పుడు చేయకుంట పోయి దాని మీద పడితేనే అది మీదవడ్తది. తెల్లారక ముందు చెట్టు కిందికి పోవద్దు, ఒక్కలు పోవద్దు" అని చెప్పాడు. బిడ్డ నోట్‌బుక్ తీసి నాలుగో వరుసలో రాసుకుంది. అప్పుడు నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, అక్కడ పార్క్‌లో ప్రతి జంతువుకు బోర్డు ఉన్నది, పుస్తకం ఉన్నది. తాత చెప్పింది ఏ పుస్తకంలో ఉన్నది?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ సమ్మేళనానికి వచ్చాను.

మన పరిస్థితి మీకు తెలుసు. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. దాని కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ గూడేల వాళ్లను బయటికి తరలించారు. 2025 మేలో కవ్వాల్‌ను తాడోబాతో కలిపే అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ 49వ నంబర్ జీవో వచ్చింది. ఆదివాసీ గూడేలు కదిలాయి, జూలైలో దాన్ని నిలిపివేశారు. రేపు మళ్లీ ఏదో ఒక రూపంలో ఈ చర్చ వస్తుంది. నాకు పులి కావాలి. అడవి కావాలి. మన గూడెం కూడా అక్కడే కావాలి. ఈ మూడూ కావాలంటే ఆ చర్చలో మన చేతిలో ఏమున్నది అన్నది తేలాలి.

చట్టం మన చేతికి కొన్ని పనిముట్లు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టంలో భూమి పట్టా గురించి అందరికీ తెలుసు. అదే చట్టం మూడో సెక్షన్‌లో, జీవవైవిధ్యం మీద మన సంప్రదాయ జ్ఞానానికి ఉమ్మడి హక్కు ఉందని రాసి ఉంది. వన్యప్రాణుల కోసం గూడేన్ని తరలించాలంటే గ్రామసభ రాతపూర్వక అనుమతి ఉండాలని కూడా ఉంది. ఇక 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఆ ఊరి చెట్లు, పిట్టలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు దాంట్లో ఉండాలి. మీ ఊరి రిజిస్టర్‌లో ఏముందో ఒకసారి పోయి చూడండి. మీ తాత మాట దాంట్లో లేకపోతే రాయించండి.

నేను మూడు పనులు అడుగుతున్నాను. పెద్ద పనులు కావు.

మొదటిది, ప్రతి గూడెంలో బడి పిల్లల చేత ఒక నోట్‌బుక్ పెట్టించాలి. గోండి, కొలామి, తెలుగు, ఏ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలో జంతువు పేరు రాయాలి. గోండిలో నెమలిని మల్ అంటారు, చేపను మీన్ అంటారు, కుక్కను నై అంటారు. ఇక్కడ కూర్చున్న గోండు పిల్లల్లో ఎంతమందికి అడవి జంతువుల పేర్లు పది వచ్చు? మా నాయకపోడు ఇండ్లలో కరీంనగర్ వైపు ఇప్పుడు తెలుగు ఒక్కటే మిగిలింది. మీ దగ్గర ఇంకా భాష ఉంది, మాకంటే మీరు భాగ్యవంతులు. పేరుతోపాటు ఆ జంతువు ఎప్పుడు వస్తుంది, ఏం తింటుంది, ఎట్లా అరుస్తుంది, ఎదురైతే ఏం చేయాలి అన్నది కూడా రాయించండి.

రెండోది, పెద్దల గొంతు ఫోన్‌లో రికార్డు చేయండి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. కొండెంగ ఒర్రుడు మా బాపు నోటితో చేసి చూపించింది మా బిడ్డ ఫోన్‌లో ఉంది. రాతలో ఆ ఒర్రుడు రాదు. సంఘం వాళ్లు అన్ని జిల్లాల నుంచి వచ్చిన రికార్డులను ఒక చోట చేర్చి భద్రం చేస్తే బాగుంటుంది. అది ఎవరిది అన్నది మాత్రం స్పష్టంగా రాసి పెట్టాలి, గ్రామసభ అడగకుండా ఎవరూ వాడుకోకుండా.

మూడోది, కవ్వాల్ అడవిలో బేస్ క్యాంపుల్లో, పులుల జాడ చూసే పనుల్లో మన ఆదివాసీ యువకులే పని చేస్తున్నారు. వాళ్లు మన లయన్ గార్డియన్స్ లాంటివాళ్లు. వాళ్లకు జీతం నెలనెలా రావాలి, వాళ్ల పనికి గుర్తింపు రావాలి అని మనం అడగాలి. వాళ్లు కూడా గూడేనికి వచ్చినప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకుని పులి అడుగు ఎట్లా ఉంటుందో, చిరుత అడుగు ఎట్లా ఉంటుందో నేర్పాలి. పులి వస్తోందన్న కబురు గూడేనికి మొదట వాళ్ల నోటి నుంచి రావాలి.

కెన్యా నుంచి నా పిల్లలు సింహం ఫొటోలు తెచ్చుకున్నారు. అవి ఫోన్‌లో ఉన్నాయి, మీరు అడిగితే వాళ్లే చూపిస్తారు. వాళ్లు తెచ్చుకున్న ఇంకొక వస్తువు ఆ నాలుగు వరుసల నోట్‌బుక్. దాన్ని ఈ రోజు వెనక బల్ల మీద పెట్టాను. దాని పక్కన ఖాళీ నోట్‌బుక్‌లు యాభై తెచ్చాను. భోజనాల తర్వాత ప్రతి కుటుంబం ఒకటి తీసుకుపోండి. గుట్ట దిగే లోపల మీ పక్కన కూర్చున్న అవ్వనో తాతనో ఒక జంతువు గురించి అడగండి. ఈ గుట్ట కోతుల గురించైనా సరే.

 జై ఆదివాసీ.